ఆటపెట్టెలో అయిదు వోల్టులు

మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినవారికి విద్యుత్ ప్రభలను గూర్చి నేను వర్ణించి చెప్పనక్కర లేదు. చుట్టుప్రక్కల గ్రామాలవారు కట్టి తెచ్చే ఆ ఎత్తయిన ప్రభల మీద రంగురంగుల దీపాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతూ ఉంటే, క్రింద జనరేటరు హోరు వినిపిస్తూ ఉంటుంది. ఆ జనరేటరు ఒక్క క్షణం బరువెక్కి మూలిగినదనుకొందాము. దీపాలు కాస్త మసకబారి, మళ్లీ వెలుగుతవి. ఎవరికీ నష్టం లేదు. దీపం ఓర్పు గల వస్తువు. వోల్టేజి పదింట ఒక వంతు తగ్గినా పెరిగినా సర్దుకొని పోతుంది.

ఓర్పు లేని వస్తువును నేను మొదటిసారి చూచినది నరసరావుపేటలోనే. నేను ఏడవ తరగతి చదివే రోజుల్లో, అంటే 2000 ప్రాంతంలో, బజారులో ఒక ఇరుకు గదిలో రూపాయి బిళ్ల వేస్తే ఆడే వీడియో ఆటపెట్టె ఒకటి ఉండేది. పగలు అది బాగానే ఆడేది. దీపాలు పెట్టే వేళ అయ్యేసరికి తెర మీది బొమ్మ వణకడం మొదలుపెట్టేది. నల్లని పట్టీలు తెర మీద గబగబా ప్రాకేవి. ఆట మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుండి వచ్చేది; పోయిన రూపాయి పోయినట్లే. "ముసలిదైపోయిందిరా, పొద్దుగూకితే దీనికి చలిజ్వరం" అని యజమాని పెట్టె నెత్తి మీద ఒకటి మొత్తేవాడు. ఆ చలిజ్వరానికి కారణం ఏమిటో నాకు తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది. కాని ఆ కారణం చరిత్ర నూట ముప్పయి సంవత్సరాల నాటిది.

ముందుగా ఆ పెట్టెకు ఏమి కావాలో చూద్దాము. దాని లోపలి చిప్పులలో అధికభాగం అయిదు వోల్టుల మీద పని చేస్తవి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు కంపెనీ 1964లో మొదలుపెట్టిన తర్కవలయాల కుటుంబం ఒకటి ఉన్నది. మన కాలేజీ ప్రయోగశాలలలో 7400 అనే అంకెతో విద్యార్థులు ఎరిగినది అదే. ఆ కుటుంబానికి కావలసిన వోల్టేజి 4.75కు తగ్గరాదు, 5.25 దాటరాదు. అర్ధ వోల్టు మాత్రమే సందు. గోడ సాకెట్టులో ఉన్నది 230 వోల్టుల ఏకాంతర ప్రవాహం. సెకనుకు 50 మారులు అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగే 230ని కదలని అయిదుగా మార్చి ఇచ్చే భాగాన్నే పవర్ సప్లయి అంటారు. ఆటపెట్టె చెడినదంటే పదింట ఆరేడుసార్లు దోషం అక్కడనే ఉంటుందని మెకానిక్కుల మాట. లెక్క సంగతి ఎట్లా ఉన్నా, మొదట వెదకవలసిన చోటు అదే అనడంలో సందేహం లేదు.

ఎలక్ట్రానిక్ పరికరాలు పుట్టినప్పుడు ఈ చిక్కు లేదు. తొలినాటి రేడియోలు బ్యాటరీల మీదనే పాడేవి. బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ ప్రవాహం. అందులో ఊగులాట ఉండదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైననాటికి కరెంటు లేని పల్లెలలో రేడియో అంటే బ్యాటరీ రేడియోయే. వాల్వును వేడి చేయడానికి ఒకటిన్నర వోల్టు, దానిని నడపడానికి 90 వోల్టులు: ఇట్లా రెండు రకాల విద్యుత్తు ఒకే పెట్టెకు కావలసి వచ్చేది. బ్యాటరీ అయిపోతే పాట ఆగేది. పట్టణాలలో కరెంటు ఉన్నా, ఊగే కరెంటును రేడియోకు తిన్నగా ఇస్తే పాటకు బదులు గుయ్యిమనే రొద వినపడేది. 1920లలో అమెరికా, కెనడా దేశాలలో బ్యాటరీ అవసరం లేని రేడియోలు బజారులోకి రావడానికి ఈ రొదను అణచడమే ప్రధానమైన పని అయినది.

అణచే సాధనాలు అప్పటికే ఉన్నవి. పోలండు దేశీయుడు కారొల్ పొల్లాక్ 1895-96లో నాలుగు ఏకముఖ ద్వారాలను నాలుగు భుజాలుగా అమర్చి, ప్రవాహం ఏ వైపు నుండి వచ్చినా ఒకే వైపుకు పోయేటట్లు చేశాడు. జర్మనీలో లియో గ్రేట్జ్ అదే అమరికను 1897లో ప్రకటించాడు. పుస్తకాలలో పేరు గ్రేట్జ్‌కే మిగిలిపోయినది. పొల్లాక్‌కు ఇది కొంత అన్యాయమేనని నేను అనుకుంటాను. ఎందుకంటే ఆ అమరిక ప్రక్కనే ఉండే రెండవ వస్తువు కూడా ఆయనదే. అల్యూమినియం రేకు మీద ఏర్పడే అతి పలుచని ఆక్సైడు పొరను విద్యున్నిరోధకంగా వాడి, రసాయన ద్రవంతో పని చేసే కండెన్సరుకు ఆయన 1896లో పేటెంటు కోరాడు. ఈనాడు ఏ పవర్ సప్లయి మూత తీసినా ఈ రెండూ ఇరుగు పొరుగున కనిపిస్తవి. రెండూ ఒకే బుర్రలో పుట్టినవని ఎరిగినవారు తక్కువ. కండెన్సరును మన పాఠ్యపుస్తకాలు కెపాసిటరు అంటున్నవి. రిపేరు బల్లల వద్ద మాత్రం పాత పేరే వాడుకలో ఉన్నది కాబట్టి నేనూ అదే వాడుతాను.

చేతిపంపు కొడుతూ ఉంటే నీరు విడతలు విడతలుగా పడుతుంది. పంపు క్రింద తొట్టి పెట్టి, తొట్టి అడుగున కుళాయి బిగిస్తే ధార తెగకుండా వస్తుంది. నాలుగు ద్వారాల అమరిక పంపు, కండెన్సరు తొట్టి. తొట్టి చిన్నదయితే రెండు విడతల మధ్య నీటిమట్టం బాగా దిగి ధార సన్నగిల్లుతుంది. ఈ ఎక్కుదిగులనే రిపుల్ అంటారు. దానిని లెక్క కట్టడం తేలిక: ప్రవాహాన్ని కాలంతో గుణించి, కండెన్సరు పరిమాణంతో భాగిస్తే చాలు.

ఈ తొట్టికి ఒక బలహీనత ఉన్నది. అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో తడిపిన కాగితం ఉంటుంది. ఆ తడి ఏళ్ల తరబడి మెల్లమెల్లగా ఆరిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే కండెన్సరు ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు వాడే అందాజు లెక్క. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ అని పత్రికలు వ్రాసేటప్పుడు మన రెంటచింతల పేరు తరచు వస్తుంది. రేకుల షెడ్డులో, గాలి ఆడని కొయ్యపెట్టెలో, ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కన కూర్చున్న కండెన్సరు పల్నాటి వేసవిని ఎట్లా భరించి ఉంటుందో విద్యార్థులే ఊహించవచ్చును.

ఇక ఆటపెట్టెల సంగతి. 1971లో నోలన్ బుష్‌నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు అమెరికనులు రూపొందించిన 'కంప్యూటర్ స్పేస్' నాణెం వేసి ఆడే వీడియో ఆటలలో వ్యాపారానికి వచ్చిన మొదటి వాటిలో ఒకటి. మరుసటి సంవత్సరం వారు అటారీ కంపెనీ పెట్టి, అలన్ ఆల్‌కార్న్ అనే యువ ఇంజనీరు చేత 'పాంగ్' తయారు చేయించారు. అందులో కంప్యూటరు లేదు. పైన చెప్పిన అయిదు వోల్టుల చిప్పులు, ఒక మామూలు నలుపు తెలుపు టెలివిజను, అంతే. దానిని కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊరిలో ఒక సారాయి అంగడిలో పెట్టారు. కొద్ది రోజులకే యంత్రం ఆగిపోయిందని కబురు వచ్చింది. ఆల్‌కార్న్ వెళ్లి తలుపు తెరిచి చూస్తే వలయాలన్నీ భేషుగ్గా ఉన్నవి. నాణేలు పట్టే డబ్బా నిండి పొర్లడం వల్ల ఇక కొత్త నాణెం పడే దారి లేకపోయినది! చెడిన యంత్రాన్ని చూడగానే సాల్డరింగు ఐరన్ వేడెక్కించే విద్యార్థులకు నేను ఈ కథ తప్పక చెబుతాను.

ఆ తరువాత వచ్చిన ఆటలకు ఆకలి పెరిగింది. 1979 నాటి అటారీ 'ఆస్టరాయిడ్స్' వంటి పెట్టెలలో అడుగున ఇటుక వంటి బరువైన ట్రాన్స్‌ఫార్మరు, దాని ప్రక్కన పెద్ద నీలిరంగు కండెన్సరు ఉండేవి. రిపేరు చేసేవారు దానికి 'పెద్ద నీలం' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పరిమాణం సుమారు 27,000 మైక్రోఫారడ్లు. ఆ సంఖ్యతో మన నరసరావుపేట చలిజ్వరాన్ని లెక్క కట్టి చూద్దాము.

ఆట నాలుగు ఆంపియర్లు తీసుకుంటుందనుకొందాము. మన 50 ఆవృత్తుల కరెంటులో సెకనుకు నూరు విడతలు వస్తవి. విడతకు సెకనులో నూరవ వంతు. నాలుగును నూరవ వంతుతో గుణించి 0.027 ఫారడుతో భాగిస్తే దాదాపు ఒకటిన్నర వోల్టు. గోడ వద్ద నిండుగా 230 ఉన్నప్పుడు కండెన్సరు మీద శిఖరం పది వోల్టులు అనుకుంటే, లోయ ఎనిమిదిన్నర. దీని తరువాత ఉండే రెగ్యులేటరు అదనంగా ఉన్న వోల్టులను వేడిగా తగలబెట్టి సరిగ్గా అయిదు ఇస్తుంది. ఈ పద్ధతిలో ఆట వాడుకొనేది 20 వాట్లు అయితే, గాలిలో కలిసేది 17 వాట్లు. పెట్టె వేడెక్కడానికి అదొక కారణం. అయితే రెగ్యులేటరు బ్రతికి ఉండాలంటే తన మీద కనీసం రెండు వోల్టులు మిగలాలి. అంటే లోయ ఏడుకు దిగరాదు.

సాయంత్రమై కరెంటు 210కి తగ్గినది. శిఖరం 9.1, లోయ 7.6, కొత్త కండెన్సరుతో ఆట సాగుతుంది. ఇప్పుడు కండెన్సరు ఆరిపోయి సగమైనదనుకొండి. రిపుల్ మూడు వోల్టులవుతుంది. పగలు 230 వద్ద లోయ సరిగ్గా ఏడు. అంచు మీద నడక. సాయంత్రం 210 వద్ద లోయ ఆరు. అయిదు వోల్టులలో సెకనుకు నూరుసార్లు గుంట పడుతుంది. చిప్పులు మతి తప్పుతవి; ఆట మొదటికి వస్తుంది. యజమాని కరెంటాఫీసును తిట్టేవాడు. కరెంటువారిని అడిగితే యంత్రం పాతదనేవారు. ఇద్దరి మాటలోనూ నిజం సగం సగం ఉన్నది.

తెర వణుకు కూడా ఇందులోనిదే. ఆ ఆటల బొమ్మ సెకనుకు దాదాపు 60 మారులు గీయబడుతుంది. అమెరికాలో కరెంటు ఆవృత్తులూ 60 కాబట్టి, అక్కడ కండెన్సరు చెడితే నల్లపట్టీ తెర మీద నెమ్మదిగా ప్రాకుతుంది. మనకు 50. తేడా పది ఉండడం వల్ల మన తెర మీద పట్టీ ప్రాకదు, పరుగెడుతుంది. ఒకే రోగం రెండు దేశాలలో రెండు వేషాలు వేస్తుంది.

మరి 210 ఎందుకయినది? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడ విద్యుదుత్పత్తి 1978 నుండి జరుగుతున్నది. ఇంత దగ్గరలో ఉత్పత్తి జరుగుతుంటే మనకు లోవోల్టేజి ఏమిటని పిల్లలు అడుగుతారు. ఉత్పత్తి స్థానం దగ్గరైనంత మాత్రాన సరిపోదు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు నుండి చివరి ఇంటి దాకా ఉన్న తీగకు నిరోధం ఉన్నది. మోటార్లు, దీపాలు ఒక్కసారిగా లాగే ప్రవాహాన్ని ఆ నిరోధంతో గుణించినంత వోల్టేజి దారిలోనే ఖర్చయిపోతుంది. ఓమ్ సూత్రానికి ఆనకట్ట దగ్గరా దూరమా అన్న పట్టింపు లేదు. ఒకప్పుడు ప్రతి టెలివిజను ప్రక్కనా టక్కుటక్కుమంటూ కూర్చున్న స్టెబిలైజరు ఇందుకోసమే.

ఆ కాలపు మరొక రోగాన్ని కూడా చెప్పి ముందుకు పోతాను. 1978లో జపానులో తోమోహిరో నిషికాడో రూపొందించిన 'స్పేస్ ఇన్‌వేడర్స్'లో 8080 అనే మైక్రోప్రాసెసరు ఉన్నది. దానికి ఒక్క అయిదు చాలదు. పన్నెండు వోల్టులు, ఋణ అయిదు వోల్టులు కూడా కావాలి. ఋణ అయిదు రాకుండా పన్నెండు మాత్రం వస్తే చిప్పు లోపల ప్రవాహం అదుపు తప్పి అది కాలిపోవచ్చును. చిప్పు పోయిందని కొత్తది తెచ్చి గుచ్చితే కొత్తదీ పోతుంది. అందువల్ల చిప్పు మార్చేముందు దాని కాళ్ల వద్ద మూడు వోల్టేజిలూ కొలవడం ఆచారమైనది.

రెగ్యులేటరు పద్ధతిలో సగం విద్యుత్తు వేడిగా పోతున్నదని చూచాము. దీనికి ఉపాయం కొత్తది కాదు. 1930లలో మోటారు కార్ల రేడియోలకు ఎక్కువ వోల్టేజి కావలసి, బ్యాటరీ ప్రవాహాన్ని జింగుమని కొట్టుకొనే ఒక లోహపు నాలుకతో తెంచి తెంచి ట్రాన్స్‌ఫార్మరుకు ఇచ్చేవారు. తెంచే వేగం ఎక్కువైతే ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైపోతుంది. ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత లోహపు నాలుక చేయలేని పనిని అవి చేశాయి: సెకనుకు వేలాది, పదివేలాది మారులు తెంచడం. తెంచిన ముక్క పొడవును పెంచుతూ తగ్గిస్తూ ఉంటే బయటి వోల్టేజి స్థిరంగా ఉంటుంది. వేడిగా తగలబెట్టే పని తప్పింది. ఈ అదుపునంతా ఒకే చిప్పులో ఇమిడ్చిన ఎస్‌జి1524ను బాబ్ మమ్మానో 1976లో తెచ్చాడు. 1977 నాటి ఆపిల్-2 కంప్యూటరులో రాడ్ హోల్ట్ ఇటువంటి సప్లయినే వాడాడు. దీనినే మనం ఎస్‌ఎంపిఎస్ అంటున్నాము. 1985లో జపాను ఆటయంత్రాల తయారీదారుల సంఘం 56 కొనల జామా అనే ప్రామాణిక కనెక్షను ఏర్పరచేనాటికి ఈ సప్లయిలు పెట్టెలలో స్థిరపడుతున్నవి. ఇటుక పోయి, సబ్బుపెట్టె కంటె కొంచెం పెద్ద రేకుడబ్బా వచ్చింది.

రోగాలు పోలేదు, మారినవి. ఇందులో 230ని ముందుగానే తిన్నగా ఏకముఖం చేస్తారు. శిఖరం 325 వోల్టులు. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ 325 పెద్ద కండెన్సరులో కాచుకొని ఉండవచ్చును. అనుభవజ్ఞులు లేకుండా విద్యార్థులు ఆ మూత తీయరాదని ఉపాధ్యాయులు గట్టిగా చెప్పవలెను. తెర వెనుక పిక్చర్ ట్యూబు వద్ద అయితే పది వేల వోల్టుల పైమాటే.

పోయిన సంవత్సరం పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు ఒక ఆటపెట్టె కనబడితే ఆగి బేరమాడాను. నా చిన్ననాటిదే అని చెప్పలేను గాని, దాని అన్నదమ్ములలో ఒకటి. కాటా మీద తూచి ఇచ్చారు. కాలేజీ ప్రయోగశాలకు చేర్చాము. ప్లగ్గు పెడితే చిన్నగా టిక్కుటిక్కుమంటున్నదే గాని తెర వెలగలేదు. ఫ్యూజు బాగానే ఉన్నది. ఆట బోర్డును విడదీసి, దాని స్థానంలో బరువు కోసం కారు బల్బు తగిలించాము; బరువు లేకుండా ఈ సప్లయిలను పరీక్షిస్తే తప్పుడు సమాధానాలు చెప్పగలవు. బల్బు మినుకుమనలేదు. నేను పెద్ద ట్రాన్సిస్టరు పోయిందని తేల్చి, బజారుకు కుర్రాణ్ణి పంపబోతున్నాను.

ఆ వేళకు, ఒకప్పుడు ఊళ్లో టెలివిజన్లు బాగుచేసి ఇప్పుడు మానుకున్న ఒక పెద్దాయన వచ్చి ఉన్నారు. నేను బాబాయి అంటాను. ఆయన మీటరు ముట్టుకోలేదు. "మాస్టారూ, ఇది ఆడుతూ ఆడుతూ ఆగిందా, కరెంటు పోయి వచ్చినాక ఆగిందా?" అని అడిగారు. కొట్టువాడికి ఫోను చేసి, వాడి ద్వారా పాత యజమానిని పట్టుకున్నాము. ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు ప్లగ్గులోనే ఉన్నదట. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. అప్పటి నుండి పలకలేదు. "అయితే చిన్న కండెన్సరు చూడండి" అని బాబాయి టీ గ్లాసు అందుకున్నారు.

ఆయన మాట వెనుక శాస్త్రం ఇది. అదుపు చిప్పుకు కూడా తిండి కావాలి. మొదట ఒక పెద్ద నిరోధకం ద్వారా 325 నుండి చుక్క చుక్కగా ఒక చిన్న కండెన్సరు నిండుతుంది. 16 వోల్టులు చేరగానే చిప్పు నిద్ర లేస్తుంది. 10కి దిగితే మళ్లీ పడుకుంటుంది. లేచిన తరువాత ట్రాన్స్‌ఫార్మరు మీది వేరొక చుట్ట దానిని పోషిస్తుంది. ఈ పోషణ అందేదాకా, అంటే సెకనులో నూరవ వంతు పాటు, చిన్న కండెన్సరే భారం మోయాలి. అది 47 మైక్రోఫారడ్లు, చిప్పు తీసుకొనేది 15 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, 16 నుండి 10కి దిగడానికి దాదాపు 19 మిల్లీ సెకన్లు పడుతుంది, కావలసినది పదే. మా పెట్టెలోనిది తీసి కొలిస్తే నాలుగు మైక్రోఫారడ్లు తేలింది. అది మోయగలది రెండు మిల్లీ సెకన్ల లోపే. లేస్తుంది, పడుతుంది, లేస్తుంది, పడుతుంది: ఆ టిక్కుటిక్కు అదే. నడుస్తున్నంతకాలం ఆ కండెన్సరు ఎంత ఎండినా తెలియదు, ఎందుకంటే పని దాని మీద పడదు. కరెంటు పోయి వచ్చిన క్షణంలోనే దాని ముసలితనం బయటపడింది.

కొత్తది అతికించాము. కారు బల్బు ఎర్రగా వెలిగింది. అయిదు వోల్టులను సప్లయి కొనల వద్ద గాక ఆట బోర్డు మీదనే కొలిచి, మరను ఇసుమంత తిప్పి సరిచేశాము. దారిలో తీగలు, మాసిన కొనలు కొంత మ్రింగుతవి గదా. తెర మీద బొమ్మ నిలిచింది. మాచర్ల నుండి వచ్చే విద్యార్థి ఒకడు జేబులో నుండి రూపాయి తీసి వేశాడు. అది గలగలమంటూ క్రింది గూటిలోకి తిరిగి వచ్చింది. మళ్లీ వేశాడు, మళ్లీ వచ్చింది. అందరూ సప్లయి వైపే చూచాము.

బాబాయి ఆ బిళ్లను తీసుకొని వేళ్ల మధ్య త్రిప్పి చూచారు. 2011 నుండి వచ్చిన రూపాయి బిళ్ల వ్యాసం 22 మిల్లీమీటర్లకు లోపే. అంతకు ముందరి స్టీలు రూపాయి 25. ఆ పెట్టె గొంతు పాత రూపాయికి కొలిచి చేసినది. ఆయన ఇంటికి పోయి, దేవుడి గూట్లో హుండీ నుండి పాత బిళ్లలు నాలుగు తెచ్చి ఇచ్చారు.